కంట్రోల్‌లైన్ విమానాన్ని గ్లో ఇంజన్ నుంచి విద్యుత్ మోటారుకు మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్లో ఇంజన్ (మిథనాల్ ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్) కోసం గీసిన కంట్రోల్‌లైన్ విమానాన్ని మోటారు, బ్యాటరీలతో ఎగరేయాలనుకునేవారి సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే వాటిని పని జరిగే దశలను బట్టి ఇక్కడ కూర్చాను. ఉదాహరణలన్నీ 35 తరగతి స్టంట్ విమానానివి, అంటే గాలిలో విన్యాసాలు చేసేదానివి. ఇది 0.35 ఘనపు అంగుళాల (సుమారు 5.7 సీసీ) ఇంజన్‌కు తగినట్టు గీసినది, రెక్కల పొడవు 105 నుంచి 130 సెంటీమీటర్లు, బరువు ఒక కిలో నుంచి కిలోంబావు వరకు ఉండేది. పెద్ద విమానాలకు అంకెలు మారతాయి కానీ లెక్క వేసే పద్ధతి మారదు.

## మొదలుపెట్టక ముందు

కంట్రోల్‌లైన్ అంటే ఏమిటి? రేడియో విమానానికీ దీనికీ తేడా ఏమిటి?

పైలట్ వృత్తం మధ్యలో నిలబడి, చేతిలోని హ్యాండిల్‌కు కట్టిన రెండు సన్నని ఉక్కు తీగలతో విమానాన్ని తన చుట్టూ తిప్పుతూ ఎగరేస్తాడు. హ్యాండిల్‌ను పైకీ కిందికీ వంచితే తీగలు రెక్కలోని బెల్‌క్రాంక్ అనే మీటను తిప్పుతాయి, బెల్‌క్రాంక్ ఒక కడ్డీ ద్వారా తోకలోని ఎలివేటర్‌ను (ముక్కును పైకీ కిందికీ తిప్పే పలకను) కదిలిస్తుంది. 1940లలో అమెరికాలో జిమ్ వాకర్ దీనిని 'యూ-కంట్రోల్' పేరుతో, తన ఫైర్‌బాల్ విమానంతో జనంలోకి తెచ్చాడు. మన దగ్గర ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరిన చాలామంది ఏరోమోడలింగ్‌లో భాగంగా దీనిని చూసే ఉంటారు. సంకేతం గాలిలో పోదు, తీగల బిగువే నియంత్రణకు ఆధారం. విద్యుత్తుకు మార్చేటప్పుడు ప్రతి నిర్ణయాన్నీ ఆ బిగువు నిలుస్తుందా లేదా అన్నదానితోనే తూచాలి.

నా గ్లో ఇంజన్ బాగానే నడుస్తోంది, మరి ఎందుకు మార్చాలి?

ఇంజన్‌ను సరిచేయడంలోనే మీకు ఆనందం ఉంటే మార్చవలసిన అవసరం లేదు. అయితే మిథనాల్, ఆముదం నూనె, నైట్రోమీథేన్ కలిపిన ఇంధనం సంపాదించడం మన దేశంలో ఖర్చుతోనూ శ్రమతోనూ కూడిన పని. ఇళ్ల మధ్య మైదానాల్లో శబ్దం వల్ల తగాదాలు వస్తాయి. వాతావరణం మారినప్పుడల్లా ఇంధనాన్ని నియంత్రించే సూదిని సరిచేసుకోవాలి. మోటారు నిన్న తిరిగినట్టే నేడూ తిరుగుతుంది కాబట్టి సాధన మీద దృష్టి నిలుస్తుంది. దీనికి బదులుగా మొదటి ఖర్చు పెరుగుతుంది, బ్యాటరీలు కొన్ని వందల సార్లు ఛార్జి అయ్యాక సత్తువ కోల్పోతాయి.

ఏ డిజైన్‌ను ఎంచుకుంటే మార్పు సులభం?

మొదటిసారికి బల్లపరుపు ఫ్యూజలాజ్ (విమానపు మొండెం) ఉన్న ప్రొఫైల్ విమానమే మేలు, ఎందుకంటే బ్యాటరీని పక్కన కట్టి ముందుకూ వెనక్కూ జరిపి చూసుకోవచ్చు. మాట్ కానియా గీసిన రింగ్‌మాస్టర్, మైక్ గ్రెట్జ్ గీసిన సిగ్ ట్విస్టర్ ఈ కోవలోవి. రెంటిలో ఫ్లాపులు (రెక్క వెనుక అంచున కదిలే పలకలు) ఉన్న ట్విస్టర్ అదనపు బరువును బాగా మోస్తుంది. జార్జ్ ఆల్డ్రిచ్ నోబ్లర్ అందమైన విమానమే, కానీ దాని పెట్టె ఆకారపు ఫ్యూజలాజ్‌లో బ్యాటరీకి తలుపు, గాలికి దారి, మోటారుకు గోడ కొత్తగా అమర్చాలి. ఒక మార్పిడి చేసి అనుభవం వచ్చాక దానికి వెళ్లడం మంచిది.

నూనె పీల్చుకున్న పాత విమానాన్నే మార్చవచ్చా?

మార్చవచ్చు కానీ నేను ప్రోత్సహించను. ఏళ్ల తరబడి ఆముదం పీల్చిన బల్సా (విమానం కట్టే తేలిక చెక్క) బరువెక్కుతుంది, దాని మీద జిగురు పట్టదు. మోటారు గోడను అటువంటి చెక్కకు అంటిస్తే గాలిలో ఊడి రావచ్చు. తప్పదనుకుంటే ముక్కు భాగపు పూతను పూర్తిగా గీకి, అసిటోన్‌తో తుడిచి, మొక్కజొన్న పిండిని అసిటోన్‌లో ముద్దగా కలిపి పూసి, ఆరాక రాల్చాలి. పిండి జిడ్డు లేకుండా పొడిగా రాలేవరకు ఇలా మళ్లీ మళ్లీ చేయాలి. అసిటోన్ ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఈ పని ఆరుబయటే చేయాలి. నల్లబడి మెత్తబడిన చెక్కను కోసి కొత్తది అతకడం ఇంతకన్నా తక్కువ శ్రమ.

## లెక్కలు, కొనుగోళ్లు

ఎంత పెద్ద బ్యాటరీ కావాలి?

లెక్కను మోటారుతో కాక బ్యాటరీతో మొదలుపెట్టండి, ఎందుకంటే కొత్త సామానులో ఎక్కువ బరువు దానిదే. స్టంట్ విమానం కిలో బరువుకు సగటున 220 నుంచి 280 వాట్లు తీసుకుంటుందని అనుకుని బయలుదేరవచ్చు. 1.15 కిలోల విమానానికి కిలోకు 250 వాట్ల చొప్పున సుమారు 290 వాట్లు. పూర్తి స్టంట్ ప్యాటర్న్‌కు, అంటే పోటీల్లో వరుసగా చేసే విన్యాసాలకు, అయిదున్నర నిమిషాలు పడుతుంది కాబట్టి దాదాపు 26.5 వాట్-అవర్లు ఖర్చవుతాయి. బ్యాటరీలో 80 శాతానికి మించి వాడకూడదు కనుక కొనవలసినది 33 వాట్-అవర్లది. నాలుగు సెల్స్ లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) వోల్టేజి 14.8, దానిని 2.2 ఆంపియర్-అవర్లతో గుణిస్తే 32.6 వస్తుంది. అంటే 4ఎస్ (నాలుగు సెల్స్) 2200 ఎంఏహెచ్ (2.2 ఆంపియర్-అవర్ల) బ్యాటరీ అంచున సరిపోతుంది. వేగంగా ఎగరేసేవారికి, గాలి ఎక్కువ ఉన్న చోట ఎగరేసేవారికి 2400 నుంచి 2600 నిశ్చింతగా ఉంటుంది. ప్యాటర్న్ కాకుండా ఊరికే చుట్లు తిరిగే అభ్యాసకుడికి మూడు, నాలుగు నిమిషాలు చాలు కాబట్టి 1800తో కూడా నడుస్తుంది, ఆ మేరకు విమానం తేలికవుతుంది.

విమానం బరువు ఎంత పెరుగుతుంది?

పాత పద్ధతిలో ఇంజన్ సుమారు 190 గ్రాములు, ఖాళీ ట్యాంకు 50, నిండా పోసిన ఇంధనం 110, మొత్తం 350 గ్రాములు. కొత్త పద్ధతిలో మోటారు, మౌంటు కలిపి 130, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం), టైమర్, తీగలు కలిపి 45, బ్యాటరీ 230, మొత్తం 405 గ్రాములు. నేల విడిచే సమయానికి తేడా 55 గ్రాములే. అయితే ఇంధనం కాలిపోతుంది, బ్యాటరీ కాలిపోదు. ప్యాటర్న్ చివర్లో వచ్చే అవర్‌గ్లాస్, ఓవర్‌హెడ్ ఎయిట్ వంటి కష్టమైన విన్యాసాలప్పుడు మీ విమానం పాతదానికన్నా దాదాపు 160 గ్రాములు ఎక్కువ మోస్తుంటుంది. అందుకే కొత్తగా కట్టేవారు బల్సాను తూచి ఎంచుకోవాలి, ముఖ్యంగా తోక వైపు చెక్కను.

మోటారు కేవీ ఎంత ఉండాలి?

కేవీ అంటే ఒక వోల్టుకు, ఏ భారమూ లేనప్పుడు, మోటారు తిరిగే నిమిషపు చుట్ల సంఖ్య. మీకు కావలసినది 10,000 చుట్లు అనుకోండి. ఎగిరే సమయం చివరికి, భారంలో ఉన్న సెల్ 3.5 వోల్టులకు దిగుతుందనుకుంటే నాలుగు సెల్స్‌కు 14 వోల్టులు. అందులో 80 శాతానికే ఆ వేగం అందాలి, మిగతా 20 శాతం ఎక్కేటప్పుడు గవర్నర్ (చుట్లను ఒకే వేగంలో నిలిపే ఈఎస్‌సీ సదుపాయం) వాడుకునే నిల్వ. 14లో 80 శాతం 11.2. 10,000ను 11.2తో భాగిస్తే 893 వస్తుంది కాబట్టి 900 దరిదాపుల కేవీ ఉన్న మోటారు కావాలి. కేవీ దీనికన్నా బాగా తక్కువైతే చివరి విన్యాసాల్లో శక్తి చాలదు. బాగా ఎక్కువైతే ఈఎస్‌సీ ఎప్పుడూ సగం థ్రాటిల్‌లో నడుస్తూ అనవసరంగా వేడెక్కుతుంది. బరువు 100 నుంచి 130 గ్రాముల మధ్య ఉండి, 500 వాట్లను కొద్దిసేపు తట్టుకునే అవుట్‌రన్నర్ (బయటి పెంకు తిరిగే మోటారు) ఈ తరగతికి సరిపోతుంది.

ప్రాపెల్లర్ పాతదే వాడవచ్చా?

వద్దు. గ్లో ఇంజన్ కంపనాన్ని తట్టుకునేందుకు ఆ ప్రాపెల్లర్ల రెక్కలు మందంగా, బరువుగా ఉంటాయి. మోటారు కోసం చేసిన పలుచని ప్రాపెల్లర్లు అదే పనిని తక్కువ కరెంటుతో చేస్తాయి. 11 అంగుళాల వ్యాసం, 5.5 అంగుళాల పిచ్ (ఒక చుట్టుకు ముందుకు పోయే దూరం) ఉన్నది ఈ తరగతికి మంచి ఆరంభం. పిచ్ తక్కువగా, చుట్లు ఎక్కువగా ఉన్న ప్రాపెల్లర్ విమానం కిందికి దూకేటప్పుడు బ్రేకులా పనిచేస్తుంది, దానివల్ల ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం దాదాపు ఒకటిగా ఉంటుంది.

ఈఎస్‌సీ ఎన్ని ఆంపియర్లది తీసుకోవాలి?

సగటు కరెంటు 20 ఆంపియర్లే అయినా ఎక్కేటప్పుడు 35 దాటవచ్చు కాబట్టి 50 ఆంపియర్లది తీసుకోండి. కొనే ముందు అందులో గవర్నర్ మోడ్ ఉందో లేదో తప్పక చూడాలి. హెలికాప్టర్లకు కూడా పనికొస్తుందని చెప్పే ఈఎస్‌సీలలో సాధారణంగా ఉంటుంది.

రేడియో సెట్ కూడా కొనాలా?

అక్కర్లేదు. స్టంట్ విమానానికి చిన్న టైమర్ చాలు, అది రిసీవర్ స్థానంలో కూర్చుని ఈఎస్‌సీకి థ్రాటిల్ సంకేతం పంపుతుంది, ఈఎస్‌సీలోని బీఈసీ (బ్యాటరీ వోల్టేజిని తగ్గించి ఇచ్చే భాగం) నుంచే 5 వోల్టుల కరెంటు తీసుకుంటుంది.

## చెక్కపని

ఇంజన్ బేరర్ల మీద మోటారును ఎలా బిగించాలి?

గ్లో ఇంజన్ రెండు గట్టి చెక్క బేరర్ల మధ్య కూర్చుంటుంది, మోటారుకు మాత్రం ఎదురుగా నిలువు గోడ కావాలి. ప్రొఫైల్ విమానాల కోసం ఇంగ్లీషు 'ఎల్' ఆకారంలో దొరికే మౌంటును బేరర్ల పాత రంధ్రాలకే నాలుగు బోల్టులతో బిగించవచ్చు. అది దొరకనప్పుడు బేరర్లను ముందువైపు సమంగా కోసి, 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ గోడను ఎపాక్సీతో అంటించి, వెనుక మూలల్లో త్రికోణపు గట్టి చెక్క ముక్కలతో బలపరచాలి. అవుట్‌రన్నర్ బయటి పెంకు మొత్తం తిరుగుతుంది, కాబట్టి చుట్టూ కనీసం 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా, మోటారు తీగలు దానికి తగలకుండా చూసుకోవాలి. స్క్రూలు లోపలి తీగచుట్టకు తగిలేంత పొడవుగా ఉంటే మోటారు మొదటిరోజే కాలిపోతుంది.

ఇంజన్ కంపనం లేదు కదా అని గోడను పలుచన చేయకండి. కూలినప్పుడు మొదటి దెబ్బ తినేది అదే.

బ్యాటరీని ఎక్కడ పెట్టాలి?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి లెక్కతో చెబుతాను. గ్లో విమానాన్ని ఖాళీ ట్యాంకుతో తూకం చూస్తారు. గురుత్వ కేంద్రానికి ముందు 200 మిల్లీమీటర్ల దూరంలో 190 గ్రాముల ఇంజన్, 110 మిల్లీమీటర్ల దూరంలో 50 గ్రాముల ట్యాంకు ఉంటే ఆ రెంటి భ్రామకం (బరువును దూరంతో గుణించినది) 38,000, 5,500 కలిపి 43,500 గ్రాము-మిల్లీమీటర్లు. ఇప్పుడు 130 గ్రాముల మోటారు 215 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే 27,950, ఈఎస్‌సీ 120 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే 5,400. మిగిలిన 10,150ని బ్యాటరీ ఇవ్వాలి. 230తో భాగిస్తే 44 మిల్లీమీటర్లు. అంటే బ్యాటరీ మధ్యబిందువు గురుత్వ కేంద్రానికి నాలుగున్నర సెంటీమీటర్లు మాత్రమే ముందుండాలి. ట్యాంకు స్థలంలోనే బ్యాటరీని పెడితే ముక్కు భారమై విమానం మలుపు తిరగదు.

ఆచరణలో దీని అర్థం, బ్యాటరీ వెనుక సగం రెక్క మీదికి వస్తుంది. ప్రొఫైల్ విమానంలో రెక్క మొదలు దగ్గర పక్కన ఒక పీట కట్టుకుంటే చాలు. కొత్తగా కట్టేవారు మోటారును ఒకటి రెండు సెంటీమీటర్లు వెనక్కి జరిపి, అంటే ముక్కును కురచ చేసి, బ్యాటరీకి రెక్క ముందు చోటు సంపాదించవచ్చు. నా అభిప్రాయంలో మొత్తం మార్పిడిలో అత్యంత విలువైన మార్పు ఇదే. కానీ పాత ప్లానును గీత మారకుండా కట్టాలనే పట్టుదల గలవారికి ఇది రుచించదు. పైన వాడిన దూరాలు ఉదాహరణకే, మీ విమానాన్ని స్కేలుతో కొలిచి మీ అంకెలు వేసుకోండి. ఇంకొక మాట, ఇంధనం కాలడం వల్ల గ్లో విమానపు గురుత్వ కేంద్రం ఎగిరే కొద్దీ వెనక్కి జరుగుతుంది, విద్యుత్ విమానంలో అది చివరివరకు కదలదు. కాబట్టి ఖాళీ ట్యాంకు తూకానికన్నా 3 నుంచి 5 మిల్లీమీటర్లు ముందుంచి ప్రారంభించడం క్షేమం.

బ్యాటరీని వెల్‌క్రో పట్టీతో కడితే సరిపోతుందా?

పట్టీ ఒక్కటే చాలదు. 19.5 మీటర్ల వ్యాసార్థంలో ఒక చుట్టు 5.2 సెకన్లలో తిరిగే విమానం వేగం సెకనుకు సుమారు 23.5 మీటర్లు. ఆ వేగంలో అది వృత్తం బయటికి తన బరువుకు దాదాపు మూడు రెట్ల బలంతో లాగుతూ ఉంటుంది. చతురస్రపు లూప్ మూలలో 4 మీటర్ల వ్యాసార్థంతో తిరిగితే 14 రెట్లు పడుతుంది. 230 గ్రాముల బ్యాటరీ ఆ క్షణంలో మూడు కిలోలకు పైగా తూగుతుంది, పైగా లోపలి మలుపులో (ముక్కు పైకి తిరిగేది) ఒక దిక్కుకూ, బయటి మలుపులో (ముక్కు కిందికి తిరిగేది) దానికి ఎదురు దిక్కుకూ లాగుతుంది. అందువల్ల కింద జారని రబ్బరు పొర, రెండు పట్టీలు, ముందూ వెనకా చెక్క అడ్డులు ఉండాలి. ప్రొఫైల్ విమానంలో బ్యాటరీ బయటి రెక్క వైపు ఉంటుంది కాబట్టి ఆ బలం దానిని పీట నుంచి ఊడలాగే దిక్కులోనే పనిచేస్తుంది. పట్టీలు ఫ్యూజలాజ్ చుట్టూ తిరిగి రావాలి తప్ప పీటకు అంటించినవి కాకూడదు.

రెక్క చివరి బరువు, లీడ్‌అవుట్లు మార్చాలా?

రెక్క చివరి బరువును తిరిగి సరిచూడాలి. ప్రొఫైల్ విమానంలో ఇంజన్ తల, మఫ్లర్ బయటి రెక్క వైపు పొడుచుకుని ఉండేవి, ఇప్పుడు ఆ బరువు పోయి మోటారు మధ్యగీత మీదికి వచ్చింది, బ్యాటరీ మాత్రం బయటివైపు చేరింది. అందుకే పాత బరువును అలాగే ఉంచకుండా, సర్దుకునే పెట్టె ఒకటి రెక్క చివర అమర్చి 25 నుంచి 30 గ్రాములతో మొదలుపెట్టండి. మలుపుల్లో బయటి రెక్క కిందికి కుంగితే తగ్గించండి, తీగలు వదులైతే పెంచండి. లీడ్‌అవుట్లు (బెల్‌క్రాంక్ నుంచి రెక్క బయటికి వచ్చే తీగలు) రెక్క నుంచి బయటపడే చోటు గురుత్వ కేంద్రానికి రెండు సెంటీమీటర్ల వెనుక ఉండేలా, ముందుకూ వెనక్కూ జరిపే జారుడు పట్టీతో అమర్చుకుంటే ఆ తర్వాత మైదానంలోనే సరిచేసుకోవచ్చు. బ్యాటరీని రెక్క కన్నా బాగా కిందికో పైకో వేలాడదీస్తే నిలువు గురుత్వ కేంద్రం మారి రెక్కలు సమంగా నిలవవు.

మోటారుకు, ఈఎస్‌సీకి గాలి ఎంత కావాలి?

ప్రొఫైల్ విమానంలో అన్నీ గాలిలోనే ఉంటాయి కాబట్టి చింత లేదు. పెట్టె ఆకారపు ఫ్యూజలాజ్‌లో గాలి లోపలికి వచ్చే రంధ్రం కన్నా బయటికి పోయే రంధ్రం కనీసం రెట్టింపు ఉండాలి, లేకపోతే గాలి లోపలే నిలిచిపోతుంది. దిగిన వెంటనే ఈఎస్‌సీ మీద వేలు అయిదు సెకన్లు పెట్టలేకపోతే దారి చాలలేదని గ్రహించాలి.

ఇంధనం తట్టుకునే పూత వేయాలా?

అవసరం లేదు. ఫిల్మ్ కవరింగ్ గానీ పలుచని నీటి వార్నిష్ గానీ చాలు, బరువు మిగిలేదీ ఇక్కడే.

## టైమర్, గవర్నర్ సెట్టింగులు

గవర్నర్ అంటే ఏమిటి? అది లేకుండా ఎగరదా?

ఎగురుతుంది కానీ స్టంట్‌కు పనికిరాదు. మామూలు థ్రాటిల్‌లో బ్యాటరీ వోల్టేజి తగ్గే కొద్దీ చుట్లు తగ్గుతాయి, అయిదో నిమిషంలో విమానం ఈడ్చుకుంటూ తిరుగుతుంది. గవర్నర్ మోడ్‌లో ఈఎస్‌సీ మోటారు చుట్లను తానే లెక్కపెట్టి, తగ్గినప్పుడు శక్తి పెంచి, పెరిగినప్పుడు తగ్గించి ఒకే వేగాన్ని నిలుపుతుంది. విమానం నిట్టనిలువుగా ఎక్కేటప్పుడు భారం పెరగగానే శక్తి కలుస్తుంది, దిగేటప్పుడు తగ్గుతుంది. ఫాక్స్ 35 వంటి ఇంజన్లు మట్టంగా ఎగిరేటప్పుడు నాలుగు స్ట్రోకుల్లో గుడగుడలాడుతూ, ముక్కు లేపగానే రెండు స్ట్రోకుల్లోకి దూకే గుణం వల్లే తరాలపాటు స్టంట్ పైలట్ల మన్ననలు పొందాయి. ఆ గుణాన్ని మోటారులోకి తెచ్చేది గవర్నరే.

టైమర్‌లో ఏమేమి పెట్టాలి?

బటన్ నొక్కినప్పటి నుంచి మోటారు తిరగడానికి 25 నుంచి 30 సెకన్ల ఆలస్యం, నెమ్మదిగా ఊపందుకునే ఆరంభం, ఎగిరే సమయం, ఆగేముందు హెచ్చరిక. ఆలస్యం మీరు నడిచివెళ్లి హ్యాండిల్ అందుకుని, భద్రతా తాడు మణికట్టుకు తగిలించుకునేంత ఉండాలి. అభ్యాసకుడికి మూడు నిమిషాలు, పూర్తి ప్యాటర్న్‌కు అయిదున్నర నిమిషాలు పెట్టండి. ఎఫ్‌ఏఐ (అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య) వారి కంట్రోల్‌లైన్ స్టంట్ విభాగమైన ఎఫ్2బీ పోటీలో దిగడంతో సహా మొత్తం ఏడు నిమిషాల్లో ముగియాలి కాబట్టి ఆలస్యాన్ని అందులో కలిపి లెక్కించుకోవాలి. ఆగడానికి అయిదారు సెకన్ల ముందు చుట్లు ఒక్కసారి పెరిగి తగ్గేలా పెట్టుకుంటే, తలకిందులుగా ఉన్నప్పుడు మోటారు ఆగే ప్రమాదం తప్పుతుంది.

నిమిషానికి ఎన్ని చుట్లు పెట్టాలో ఎలా తెలుస్తుంది?

మొదట మీ విమానం ఏ వేగంలో ఎగరాలో నిర్ణయించండి. 60 అడుగుల తీగల మీద ఈ తరగతి విమానాలు చుట్టుకు 5.0 నుంచి 5.4 సెకన్లలో చక్కగా ఎగురుతాయి, ఇది సెకనుకు సుమారు 23 నుంచి 24 మీటర్లు. ప్రాపెల్లర్ ఒక చుట్టుకు తన పిచ్ అంత దూరం ముందుకు పోతుందనుకుంటే, 5.5 అంగుళాల పిచ్ అంటే 0.14 మీటర్లు, 10,000 చుట్లకు సెకనుకు 23.3 మీటర్లు. కాబట్టి 9,800 దగ్గర మొదలుపెట్టి, స్టాప్‌వాచ్‌తో కొలిచి, ఒక్కో ఫ్లైటుకు 100 చుట్ల చొప్పున మార్చుకుంటూ పోవాలి. ఒకేసారి 500 మారిస్తే మార్పు దేనివల్ల వచ్చిందో తెలియదు.

మోటారును ఎదురు దిశలో తిప్పి, దానికి తగిన పుషర్ ప్రాపెల్లర్ పెడతారట, ఎందుకు?

విద్యుత్ మోటారుతో సులభంగా దొరికే సదుపాయం ఇది. మూడు మోటారు తీగల్లో ఏ రెంటినైనా తారుమారు చేస్తే దిశ మారుతుంది. విమానం వృత్తంలో ఎడమకు తిరుగుతుంది, అంటే పైలట్ దాని ఎడమ వైపున ఉంటాడు. మామూలు ప్రాపెల్లర్ వెనుక నుంచి చూస్తే గడియారపు ముల్లు దిశలో తిరుగుతుంది, దాని ప్రతిక్రియ విమానాన్ని ఎడమకు, పైలట్ వైపుకు ఒరిగిస్తుంది. నేల విడిచేటప్పుడు తీగలు వదులయ్యేది అందుకే. ఎదురు దిశలో తిప్పితే ఆ ఒరుగు బయటికి మారి తీగలు బిగుస్తాయి. బొంగరంలా తిరిగే ప్రాపెల్లర్ గుణం వల్ల మలుపుల్లో ముక్కు పక్కకు తిరగడం కూడా తారుమారవుతుంది. మామూలు ప్రాపెల్లర్‌తో బయటి మలుపులో ముక్కు పైలట్ వైపుకు తిరుగుతుంది, ఎదురు దిశలో తిరిగేదానితో బయటికి తిరుగుతుంది. అవర్‌గ్లాస్ పైనున్న రెండు మూలలూ బయటి మలుపులే, తీగల బిగువు అతి తక్కువగా ఉండే చోటూ అదే కాబట్టి ఈ మార్పు అక్కడ పనికొస్తుంది. ప్రాపెల్లర్ నట్ ఎదురు దిశలో వదులయ్యే అవకాశం ఉంది గనుక ప్రతి ఫ్లైటుకు ముందు బిగించి చూడాలి.

## మైదానంలో

బ్యాటరీ తగిలించేటప్పుడు ప్రమాదం లేదా?

ఉంది, గ్లో ఇంజన్‌కన్నా ఎక్కువే. ఇంజన్ చప్పుడు చేసి హెచ్చరిస్తుంది, మోటారు నిశ్శబ్దంగా ఉండి హఠాత్తుగా తిరుగుతుంది, వేలు అడ్డం వస్తే ఆగకుండా ఇంకా బలంగా తిప్పబోతుంది. గవర్నర్ చేసే పని అదే కదా. కాబట్టి బ్యాటరీ ఎరుపు తీగలో ఆర్మింగ్ ప్లగ్ (తగిలిస్తేనే కరెంటు కలిసే ప్లగ్) ఒకటి బయటికి కనిపించేలా పెట్టి, విమానం వృత్తంలోకి వెళ్లాకే, వెనుక నుంచి చేయి చాపి తగిలించాలి. ప్రాపెల్లర్ దేనికైనా తగిలితే మోటారును ఆపే సెట్టింగు మీ ఈఎస్‌సీలో ఉంటే అది తప్పక వాడాలి. ఇంట్లో సెట్టింగులు మార్చేటప్పుడు ప్రాపెల్లర్ తీసేసి ఉంచడం నియమంగా పెట్టుకోండి.

మొదటిసారి ఎగరేసే ముందు ఏమి చూసుకోవాలి?

హ్యాండిల్ నుంచి బెల్‌క్రాంక్ వరకు లాగుడు పరీక్ష చేయాలి. ఎఫ్2బీ నియమం ప్రకారం విమానం బరువుకు పదిరెట్లు, అంటే 1.15 కిలోల విమానానికి 11.5 కిలోలు. బరువు పెరిగింది కాబట్టి పాత పరీక్ష చెల్లదు. ఆ తర్వాత విమానాన్ని గట్టిగా పట్టించి మోటారును పూర్తి సమయం నడిపి, వాట్‌మీటరుతో కరెంటు చూసి, టైమర్ సరిగ్గా ఆపుతోందో లేదో నిర్ధారించుకోవాలి. మొదటి ఫ్లైటు రెండు నిమిషాలే పెట్టి, మట్టంగా చుట్లు తిప్పి దించండి. తిరిగి ఛార్జి చేసినప్పుడు ఎన్ని ఎంఏహెచ్ ఎక్కిందో చూసి నిమిషపు ఖర్చు తేల్చుకుని, అప్పుడు సమయం పెంచండి.

ఆఖరి నిమిషంలో విమానం నీరసపడుతోంది, కారణం ఏమిటి?

గవర్నర్‌కు నిల్వ అయిపోయింది. థ్రాటిల్ నూటికి నూరు చేరాక అది ఇక ఏమీ చేయలేదు. బ్యాటరీ పాతదై వోల్టేజి ఎక్కువ పడిపోతుండవచ్చు, ప్రాపెల్లర్ పెద్దదై ఉండవచ్చు, లేదా కేవీ తక్కువై ఉండవచ్చు. ముందుగా కొత్త బ్యాటరీతో చూడండి, తేడా రాకపోతే ప్రాపెల్లర్ వ్యాసం అర అంగుళం తగ్గించండి, మోటారు మార్చడం చివరి మాట. ఈఎస్‌సీ డేటా రికార్డు చేసేదైతే థ్రాటిల్ గీతను చూస్తే చాలు, చివర్లో 95 శాతం దాటి బల్లపరుపుగా ఉంటే కారణం స్పష్టమే.

మట్టంగా ఎగిరేటప్పుడు మోటారు ఊగిసలాడుతూ శబ్దం చేస్తోంది.

గవర్నర్ స్పందన మరీ చురుకుగా ఉంది, గెయిన్ ఒక మెట్టు తగ్గించండి.

కరెంటు తీగల దగ్గర ఎగరేయవచ్చా?

ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. మీ చేతిలో ఉన్నది పద్దెనిమిది మీటర్ల ఉక్కు తీగ, అది 11 కిలోవోల్టుల లైన్‌కు తగలనవసరం లేదు, దగ్గరగా వెళ్లినా ప్రాణాంతకమే. మన ఊళ్లలో పొలాల మీదుగా, స్కూలు మైదానాల అంచుల్లోనూ లైన్లు పోతుంటాయి కాబట్టి వృత్తం అంచు నుంచి కనీసం మరొక వృత్తమంత ఖాళీ ఉన్న చోటే ఎంచుకోండి. దూరంగా ఉరుము వినిపించినా హ్యాండిల్ కింద పెట్టేయాలి.

## బ్యాటరీ సంరక్షణ

దిగేసరికి బ్యాటరీలో ఎంత మిగలాలి?

కనీసం 20 శాతం, కొత్తలో 30. సెల్ 3.0 వోల్టుల కిందికి దిగితే పాడవుతుంది. ఛార్జి 4.2 దాటకూడదు, వారానికి మించి వాడకుండా ఉంచేటప్పుడు సెల్‌కు 3.85 వోల్టుల దగ్గర ఉంచాలి.

మన ఎండలకు లైపో తట్టుకుంటుందా?

మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో 44 డిగ్రీల ఎండలో మూసి ఉన్న కారులో బ్యాటరీని వదిలితే తట్టుకోదు. ఎండాకాలంలో తెల్లవారుజామున ఎగరేయడం పైలట్‌కూ బ్యాటరీకీ మంచిది. అప్పుడే దిగిన వేడి బ్యాటరీని వెంటనే ఛార్జికి పెట్టకుండా నీడలో చల్లారనివ్వాలి, ఛార్జి వేగం బ్యాటరీ సామర్థ్యానికి సమానంగా, అంటే 2200కు 2.2 ఆంపియర్లుగా ఉంచాలి. ఛార్జి అవుతున్నంతసేపూ దగ్గర ఉండాలి, కింద చెక్క బల్లకు బదులు గచ్చు గానీ ఇటుకలు గానీ ఉండాలి.

ఉబ్బిన బ్యాటరీని ఏమి చేయాలి?

ఇంకొక్కసారి అని ఎగరేయకండి. ఆరుబయట, మండే వస్తువులకు దూరంగా, చిన్న కారు బల్బును భారంగా తగిలించి పూర్తిగా ఖాళీ చేసి, వోల్టేజి సున్నాకు చేరాక కనెక్టర్‌ను టేపుతో మూసి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వాలి. ఇంటి చెత్తబుట్టలో వేస్తే చెత్త లారీలో నలిగి మంటలు రేగవచ్చు.